చదివిపెట్టేవాళ్లు కావలెను

అచ్చు పుస్తకం అందనివాళ్లలో మూడు రకాలున్నారు. చూపు లేనివాళ్లు, చూపు బాగా మందగించినవాళ్లు ఒక రకం. పక్షవాతం వల్లో సెరిబ్రల్ పాల్సీ వల్లో చేతులు స్వాధీనంలో లేక పుస్తకం పట్టుకోలేని, పేజీ తిప్పలేని వాళ్లు రెండో రకం. కళ్లూ చేతులూ బాగానే ఉన్నా అక్షరాలు కూడబలుక్కోవడంలోనే ఓపికంతా అయిపోయే డిస్‌లెక్సియా పిల్లలు మూడో రకం. బడిలో ‘మొద్దు’ అనిపించుకునేది ఎక్కువగా ఈ మూడో రకం వాళ్లే. 2011 జనగణన ప్రకారం దేశంలో దృష్టి లోపం ఉన్నవాళ్లే 50 లక్షలకు పైగా ఉన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అంధత్వం, మందదృష్టితో పాటు చదువుకు సంబంధించిన ప్రత్యేక వైకల్యాలు కూడా చేరాయి.

ఈ ముగ్గురికీ పనికొచ్చే సాధనం ఆడియో పుస్తకం. దాన్ని తయారుచేయడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. తీరిక ఉన్న గొంతులు, ఒక గది, ఆ రెండింటినీ కలిపే గ్రంథాలయం ఉంటే చాలు. అనంతపురం వంటి కరువు జిల్లాలోనూ అది సాధ్యమే. అయితే విద్యార్థి కోసం చేసే ఆడియో పుస్తకం, ప్రయాణంలో కాలక్షేపానికి వినే ఆడియో పుస్తకం ఒకటి కావు. కథ వినేవాడికి గొంతు కావాలి. పాఠం చదివేవాడికి పేజీ కావాలి. ఉపాధ్యాయుడు తరగతిలో ‘74వ పేజీలో రెండో పట్టిక తీయండి’ అన్నప్పుడు, ఆరు గంటల రికార్డింగ్ ఒకే ఫైలుగా ఉన్న విద్యార్థి ఏం తీస్తాడు? ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ ఉండగానే గంట కొడతారు. స్వచ్ఛందంగా చదివే వాళ్లలో చాలామంది మంచి గొంతు ఉంటే చాలనుకుంటారు. పుస్తకాన్ని పుస్తకంలా వాడుకునే వీలు లేకపోతే ఎంత మంచి గొంతైనా వృథాయే.

గ్రామఫోన్ నుంచి ఫోన్ దాకా

అమెరికా ప్రభుత్వం 1931లో చేసిన చట్టంతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అంధులకు పుస్తకాలు అందించే బాధ్యత తీసుకుంది. 1934 నుంచి ‘టాకింగ్ బుక్స్’ గ్రామఫోన్ రికార్డుల మీద వచ్చాయి. మరుసటి ఏడాదే బ్రిటన్‌లోనూ మొదలయ్యాయి. అక్కడ ఒక నవలకు సగటున పది రికార్డులు పట్టేవి. పోస్టులో వచ్చే ఆ పెట్టె బరువు చూస్తేనే చదవాలన్న ఉత్సాహం సగం చచ్చేదేమో.

స్వచ్ఛంద సేవకులు, గ్రంథాలయం, విద్యార్థి అన్న మూడూ ఒకచోట కలిసింది 1948లో, న్యూయార్క్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులు ప్రభుత్వ ఖర్చుతో కాలేజీలో చేరే అవకాశం వచ్చింది. కానీ పాఠ్యపుస్తకాలు చదివిపెట్టే దిక్కు లేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ మహిళా సహాయక బృందానికి చెందిన యాన్ మెక్‌డొనాల్డ్ ఆ పని చేపట్టి, లైబ్రరీ అటక మీదే రికార్డింగ్ మొదలుపెట్టారు. ఒక్కో చిన్న డిస్కు మీద పక్కకు 12 నిమిషాల పాఠం పట్టేది. ఆ సంస్థే ఇప్పుడు లెర్నింగ్ యాలీ. దానికి అప్పుడు వచ్చిన ఉత్తరాలు నవలలు కావాలని కాదు, వచ్చే సెమిస్టర్ పుస్తకం కావాలని.

మన దేశంలో ముంబైలోని నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్, డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థ క్యాసెట్ల కాలం నుంచీ ఈ పని చేస్తున్నాయి. అనంతపురానికి దగ్గరి పెద్ద ఉదాహరణ బెంగళూరులో ఉంది. తానే చూపు లేని మధు సింఘాల్ 1990లో స్థాపించిన మిత్రజ్యోతి సంస్థ, స్వచ్ఛంద పాఠకులతో టాకింగ్ బుక్ లైబ్రరీ నడుపుతోంది. తెలుగునాట అందరికీ తెలిసిన ఉదాహరణ శ్రీకాంత్ బొల్లా. మచిలీపట్నం ప్రాంతంలోని సీతారామపురంలో పుట్టి, హైదరాబాద్ దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివిన శ్రీకాంత్‌కు పది తర్వాత సైన్సు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు. పాఠాలను ఆడియోగా మార్చుకుని చదివి 98 శాతం మార్కులు సాధించి, అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించాడు. ఆ కథలో కోర్టు తీర్పు గురించి అందరూ చెబుతారు. తీర్పు తర్వాత పాఠాలు ఆడియో కాకపోతే ఆ 98 శాతం ఎక్కడిది అని ఎవరూ అడగరు.

అనుమతి ఎవరిని అడగాలి

‘పుస్తకం రికార్డు చేస్తే ప్రచురణకర్త కేసు పెట్టడా?’ అన్నది మొదట వచ్చే అనుమానం. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ దీనికి జవాబు చెప్పింది. 52వ సెక్షన్‌లో చేర్చిన ‘జడ్‌బీ’ క్లాజు ప్రకారం, మామూలు రూపంలో పుస్తకం చదవలేని దివ్యాంగుల కోసం దాన్ని వాళ్లకు అందే రూపంలోకి మార్చడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. లాభం తీసుకోకూడదు, తయారీ ఖర్చు వరకే తీసుకోవచ్చు. ఆ ప్రతులు దివ్యాంగులకే చేరేలా, మామూలు వ్యాపారంలోకి జారిపోకుండా జాగ్రత్తపడాలి. ఈ పని చేయదగిన సంస్థల్లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలను, గ్రంథాలయాలను కూడా చట్టం పేరుపెట్టి చేర్చింది. అంటే జిల్లా గ్రంథాలయానికి ప్రత్యేకంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. కావలసింది ఒక రిజిస్టరు. ఏ పుస్తకం, ఎవరు చదివారు, ఏ సభ్యుడికి ఇచ్చారు, అతని వైకల్య ధ్రువీకరణ పత్రం నంబరు ఎంత అన్నవి అందులో ఉంటే సరిపోతుంది.

పొరపాటు జరిగేది ఇక్కడే. చదివినవాళ్లు ఉత్సాహం ఆపుకోలేక రికార్డింగ్‌ను యూట్యూబ్‌లో పెడతారు, వాట్సాప్ గ్రూపుల్లో పంచుతారు. ఆ క్షణంలో చట్టం ఇచ్చిన రక్షణ పోతుంది. అందరికీ పంచాలని ఉంటే కాపీరైట్ ముగిసిన పుస్తకం ఎంచుకోవాలి. మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో కన్నుమూశారు కాబట్టి ‘మాలపల్లి’ని ఇప్పుడు ఎవరైనా చదివి ఎక్కడైనా పెట్టవచ్చు. 1987లో మరణించిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ను అలా పెట్టకూడదు. కానీ అనంతపురంలోని అంధ విద్యార్థికి రికార్డు చేసి ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

కరువు నేల మీద పాఠకులు

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ కురవాల్సినప్పుడు కురవదు. శెనక్కాయ పంట పోయిన ఏడు తల్లిదండ్రులు కూలికి బెంగళూరు బాట పడతారు. బిడ్డ హాస్టల్లోనో అవ్వ దగ్గరో ఉంటాడు. ఇంట్లో పక్కన కూర్చుని పాఠం చదివి వినిపించే మనిషి ఉండడు. ఉన్నా ఆ అవ్వకు చదువు రాకపోవచ్చు. పట్నంలో తల్లో అన్నో తీర్చే లోటును ఇక్కడ రికార్డింగ్ తీర్చాలి.

ఈ జిల్లాలో దివ్యాంగుల కోసం పనిచేసే సంస్థల్లో పెద్దది రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆ సంస్థ దృష్టి లోపం ఉన్న పిల్లలకూ బడులు నడుపుతోంది. అలాంటి బడుల్లో బ్రెయిలీ నేర్పుతారు. మామూలు ప్రభుత్వ బడుల్లో చేరిన మందదృష్టి పిల్లలు, డిగ్రీకి వచ్చిన అంధ విద్యార్థులు, డీఎస్సీకీ గ్రూప్-2కీ బ్యాంకు పరీక్షలకూ తయారయ్యే యువకుల పరిస్థితి వేరు. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు చట్టం కేటాయించిన 4 శాతంలో ఒక శాతం అంధులకు, మందదృష్టి వాళ్లకు ఉంది. ఆ ఒక శాతానికి పోటీపడేవాళ్లకు కావలసిన పుస్తకాలు మాత్రం వాళ్లకు అందే రూపంలో దొరకడం కష్టం. జిల్లాలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు ఈ వర్గం దగ్గరికి వెళ్లడం మంచిది. బడి పిల్లలకు కనీసం ఉపాధ్యాయుడైనా ఉంటాడు.

ఇక గ్రంథాలయం. 1960 గ్రంథాలయ చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వాటికే వెళ్తుంది. అంటే చూపు లేనివాడి ఇంటి నుంచి కూడా సెస్సు వసూలవుతోంది. పుస్తకం మాత్రం అతనికి అందడం లేదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్న ఆలోచన తెలుగు గ్రంథాలయ ఉద్యమంలో మొదటినుంచీ ఉంది. అనంతపురంలో పడవలు తిరిగే కాలువలు లేవు గానీ మెమరీ కార్డులున్నాయి.

యంత్రం చదివేది, మనిషి చదవాల్సింది

ఫోన్లలోనే తెలుగు చదివే గొంతు వచ్చాక, మనుషులు కూర్చుని చదవడం దేనికి అన్న ప్రశ్న న్యాయమైనదే. యూనికోడ్‌లో ఉన్న మామూలు వచనాన్ని యంత్రం బాగానే చదువుతుంది. చరిత్ర పాఠం, పౌరశాస్త్రం, పత్రికా వ్యాసం వంటివి మనిషి చదివి సమయం పోగొట్టుకోనవసరం లేదు. స్కాన్ చేసి, తప్పులు దిద్ది, టెక్స్ట్ ఫైలుగా ఇస్తే విద్యార్థి తనకు నచ్చిన వేగంతో వింటాడు.

తెలుగులో ఒక చిక్కుంది. మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి పుస్తకాలు అను ఫాంట్లలో కూర్చారు. అవి యూనికోడ్ కావు. ప్రచురణకర్త దయతలచి ఫైలు ఇచ్చినా ఫోను దాన్ని పిచ్చిరాతలా చదువుతుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ సున్నాలూ సరిచూడాలి. గొంతు బాగులేని స్వచ్ఛంద సేవకుడికి ఇది మంచి పని. చదవడం ఒక్కటే సేవ అనుకుని చాలామంది వెనక్కి వెళ్లిపోతుంటారు.

మనిషి గొంతు తప్పనిసరి అయ్యేవి ఆరున్నాయి. పద్యాలు, గణితం, పట్టికలు, పటాలు, ఛందస్సు, మాండలికం ఉన్న కథలు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అనంతపురం సీమ మాటలున్న అలాంటి నవలను యంత్రానికి అప్పగిస్తే మాట వస్తుంది, యాస రాదు. కోస్తా గొంతుతో చదివినా అదే ఇబ్బంది. ఇలాంటి పుస్తకాలు తరిమెలవాళ్లో ఉరవకొండవాళ్లో చదవాలి. రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం చదువుకునే పిల్లలూ ఉన్నారు కాబట్టి ఆ గొంతులూ వెతకాలి.

మంచి గొంతు అంటే రంగస్థల కంఠం కాదు. ఆధునిక నటనలో సహజత్వం కోసం పట్టుబట్టిన బళ్లారి రాఘవ ఈ జిల్లా తాడిపత్రిలోనే పుట్టారు. అయినా మైకు ముందు కూర్చోగానే నాటకం పద్యం అందుకునేవాళ్లు జిల్లాలో తక్కువేమీ కాదు. జీవశాస్త్రం పాఠంలో రక్తప్రసరణను గద్గద స్వరంతో చదివితే వినేవాడు నవ్వుతాడు. రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ విద్యార్థులు ఎక్కువ కాలం నిలుస్తారు. పరీక్ష చిన్నదే. ఎప్పుడూ చూడని రెండు పేజీలు ఇచ్చి చదివించాలి. శ, ష, స తేడా, ళ, ల తేడా, వత్తక్షరాలు స్పష్టంగా పలికితే, పది నిమిషాల తర్వాత కూడా మొదటి నిమిషంలోని వేగమే ఉంటే ఆ గొంతు పనికొస్తుంది.

గది, గాలి, మైకు

స్టూడియో అక్కర్లేదు. కిటికీలు తక్కువ ఉన్న గది, పుస్తకాల బీరువాలు, గోడకు దుప్పట్లు, నేలకు జంపఖానా చాలు. ఖాళీ గదిలో గొంతు ప్రతిధ్వనిస్తుంది. పుస్తకాలు నిండిన గది ఆ ప్రతిధ్వనిని ఆపే పనిలో సగం తానే చేసిపెడుతుంది. శాఖా గ్రంథాలయాలు ఉదయం, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం మూసి ఉంటాయి. శుక్రవారం సెలవు. ఆ వేళల్లో గది నిశ్శబ్దంగా దొరుకుతుంది.

ఈ ప్రాంతంలో అసలు శత్రువు గాలి. రామగిరి, ఉరవకొండ వైపు కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలి తలుపు సందుల్లోంచి ఈల వేస్తుంది. మైకు దాన్ని చెవి కంటే బాగా వింటుంది. ఎండాకాలం ఫ్యాను ఆపితే మనిషి ఉడికిపోతాడు, వేస్తే రికార్డింగ్ పాడవుతుంది. కాబట్టి మార్చి నుంచి మే వరకు తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది మధ్య రికార్డు చేయడం మేలు. పక్కన బోరు మోటారు ఉంటే కరెంటు వేళలు కనుక్కోవాలి. రికార్డింగ్ కరెంటు పోయినా ఆగకుండా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడవాలి.

యూఎస్‌బీ మైకు ఒకటి, దాని ముందు గాలి తగలకుండా ఒక వల లేదా పలచటి గుడ్డ. నోటికీ మైకుకూ జానెడు దూరం ఉండాలి. మైకును నోటికి నేరుగా కాక కొంచెం పక్కకు పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడు వచ్చే ఊపు తగ్గుతుంది. ఆడాసిటీ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. 44.1 కిలోహెర్ట్జ్, మోనో, వేవ్ ఫైలుగా రికార్డు చేసి దాన్ని భద్రపరచాలి. పంచే ప్రతిని 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చాలి. అప్పుడు గంట పాఠం 29 ఎంబీ లోపే ఉంటుంది. 32 జీబీ మెమరీ కార్డులో వెయ్యి గంటలకు పైగానే పడతాయి. ఒక విద్యార్థి పదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివే పుస్తకాలన్నీ ఆ గోరంత కార్డులో ఇముడుతాయి.

నేపథ్య సంగీతం వద్దు. అలవాటు పడిన విద్యార్థులు ఒకటిన్నర రెట్లు, రెండు రెట్ల వేగంతో వింటారు. ఆ వేగంలో వీణానాదం గిలగిల్లాడుతుంది.

చదివే పద్ధతి

మొదట పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, మొత్తం పేజీలు చెప్పాలి. చదివినవారి పేరు ఒక్క వాక్యంలో సరి. ప్రారంభోత్సవ ప్రసంగం, దాతల జాబితా, శాలువా కప్పిన వివరాలు పుస్తకంలో ఎక్కించకూడదు. ప్రతి పేజీ మారగానే ‘పేజీ 74’ అని చెప్పాలి. వాక్యం మధ్యలో పేజీ మారితే వాక్యం ముగిశాకే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక వైపు ఇంగ్లిషు, ఎదురుగా తెలుగు ఉండేలా వస్తున్నాయి. తెలుగు పేజీలే చదివితే సంఖ్యలు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. మొదట్లోనే ఆ సంగతి చెప్పకపోతే వినేవాడు మధ్య పేజీలు పోయాయనుకుంటాడు.

రచయిత రాసింది రాసినట్టే చదవాలి. తప్పు అచ్చయినా దిద్దకూడదు. అవసరమైతే ‘చదువరి మాట’ అని చెప్పి వివరించి, ‘చదువరి మాట ముగిసింది’ అని మళ్లీ పాఠంలోకి రావాలి. ‘ఇది అంత ముఖ్యం కాదు’ అని పేరాలు దాటవేసే ఉపాధ్యాయులుంటారు. ఏది ముఖ్యమో తేల్చుకునే హక్కు విద్యార్థిది.

గణితం దగ్గర నిలబడి ఆలోచించాలి. మన తరగతుల్లో అందరూ ‘ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్’ అంటారు. ఆ ‘హోల్’ అన్న మాట బంగారం. అది లేకుండా ‘ఎ ప్లస్ బి స్క్వేర్’ అంటే వర్గం ‘బి’కి మాత్రమే. రెండూ వేరు లెక్కలు. భిన్నాలకు అలాంటి మాట లేదు. ‘ఎక్స్ ప్లస్ ఒకటి బై రెండు’ అంటే మొత్తాన్ని రెండుతో భాగించారా, ఒకటినే భాగించారా? నల్లబల్ల మీద చూస్తున్నవాడికి అనుమానం రాదు. వింటున్నవాడికి తీరదు. ‘భిన్నం మొదలు, లవం ఎక్స్ ప్లస్ ఒకటి, హారం రెండు, భిన్నం ముగింపు’ అని చదవాలి. బ్రాకెట్లు తెరిచినప్పుడూ మూసినప్పుడూ చెప్పాలి. విసుగ్గా ఉంటుంది, కానీ వేరే దారి లేదు. గణితం చదివేవాళ్లు గణితం వచ్చినవాళ్లే అయి ఉండాలన్నది ఇందుకే.

పద్యాన్ని మొదట ఏ పాదం దగ్గర ఆ పాదం ఆపి, రాగం తీయకుండా చదవాలి. రెండోసారి పదాలు విడదీసి చదవాలి. ఆ తర్వాత ప్రతిపదార్థం, తాత్పర్యం. ఈ నాలుగింటికీ వేర్వేరు గుర్తులు పెడితే విద్యార్థి తాత్పర్యం ఒక్కటే పదిసార్లు వినగలుగుతాడు. రాగం తీసి పాడితే వినడానికి హాయిగా ఉంటుంది గానీ, యతి ఎక్కడుందో, ఏ అక్షరం గురువో తెలియదు. కొత్త పదాలు వచ్చినచోట, పాఠం చివర పదాల పట్టికలో అక్షరం అక్షరంగా వర్ణక్రమం చెప్పాలి. చెవితోనే చదువుకున్న విద్యార్థి ‘శేషం’లో ఏది శ, ఏది ష అన్నది ఊహించలేడు. పరీక్షలో సహాయకుడికి చెప్పి రాయించినా తర్వాత ఉద్యోగంలో కంప్యూటర్ మీద తానే టైపు చేయాలి. అందువల్లే ఆడియో వచ్చాక బ్రెయిలీ ఎందుకన్న వాదన నిలవదు. వినడం వల్ల విషయం వస్తుంది, రాత బ్రెయిలీతోనే వస్తుంది. రెండూ కావాలి.

ఇక పటాలు. ‘ఇక్కడ ఒక పటం ఉంది’ అని దాటిపోతే అది పాఠం చింపివేసినట్టే. ఆంధ్రప్రదేశ్ నదుల పటం ఉంటే ఇలా చెప్పవచ్చు: ‘పటం మొదలు. పెన్నా నది కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, ఉత్తర దిశగా అనంతపురం ప్రాంతంలోకి వచ్చి, తర్వాత తూర్పుకు తిరిగి కడప, నెల్లూరు ప్రాంతాల మీదుగా బంగాళాఖాతంలో కలుస్తోంది. పటం ముగింపు.’ ముందు పటం దేన్ని చూపుతోందో, తర్వాత దిక్కులు, తర్వాత వివరాలు. రంగుల వర్ణన అవసరమైతేనే. పాఠం చివర ‘పై పటంలో ఎక్కువ వర్షపాతం ఏ నెలలో ఉంది?’ అని ప్రశ్న ఉంటే, వర్ణనలో పన్నెండు నెలల అంకెలూ వరుసగా చదవాలే తప్ప, ‘సెప్టెంబరులో ఎక్కువ’ అని జవాబు చెప్పేయకూడదు. చూపున్న పిల్లవాడు వెతుక్కుని కనుక్కుంటాడు. ఇతనికీ ఆ పని మిగల్చాలి. పట్టిక చదివేటప్పుడు ముందు నిలువు వరుసల పేర్లు చెప్పి, తర్వాత ఒక్కో అడ్డు వరుసలో ప్రతి అంకె ముందూ దాని వరుస పేరు పలకాలి.

సరిచూడటం

చదివినవాళ్లు తమ తప్పు తాము పట్టలేరు. పుస్తకం ముందుంచుకుని మరొకరు మొదటినుంచి చివరిదాకా వినాలి. ఆ తర్వాత పుస్తకం లేకుండా చూపు లేనివాళ్లు ఒకరు వినాలి. మొదటివాళ్లు తప్పిన మాట పడతారు, రెండోవాళ్లు అర్థం కాని చోటు పడతారు. ఈ రెండో పని డిగ్రీ చదివిన అంధ యువకులకు డబ్బిచ్చి చేయించడం న్యాయం. వాళ్ల కోసమే కదా అని వాళ్ల పని ఊరికే చేయించుకోవడం తగదు. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థ బడ్జెట్‌లోంచి రావాలి.

పూర్తయిన ఒక గంట ఆడియో వెనక చదవడం, దిద్దడం, వినడం కలిపి సుమారు మూడు గంటల పని ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. పది గంటల పుస్తకానికి ముప్పై గంటలు. వారానికి రెండు గంటలు ఇచ్చే ఒక్క మనిషికి దాదాపు నాలుగు నెలలు. జూన్‌లో బడి తెరిచే నాటికి పుస్తకం కావాలంటే సంక్రాంతి తర్వాత మొదలుపెట్టాలి. ఖరీఫ్ విత్తనం వేళ పల్లెల్లో ఎవరూ దొరకరు. పాఠ్యపుస్తకాన్ని పాఠానికొకరు చొప్పున పంచుకోవచ్చు, గొంతులు మారినా నష్టం లేదు. నవల మాత్రం ఒక్కరే చదవాలి. పోటీ పరీక్షల పుస్తకాలకు తొందర ఇంకా ఎక్కువ. కరెంట్ అఫైర్స్ నెల దాటితే పాతబడుతుంది. పరీక్ష అయ్యాక అందిన పుస్తకం రిజిస్టరులో అంకె పెంచడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

డైసీ, కార్డు, ఫోను

పేజీకీ పాఠానికీ ఉపశీర్షికకూ నేరుగా వెళ్లే వీలున్న ఆడియో పుస్తకానికి అంతర్జాతీయ ప్రమాణం ‘డైసీ’. దాన్ని రూపొందించిన డైసీ కన్సార్షియం 1996లో ఏర్పడింది. వాళ్లే ఉచితంగా ఇచ్చే ‘ఓబీ’ సాఫ్ట్‌వేర్‌లో, రికార్డు చేస్తూనే పేజీ గుర్తులు, శీర్షికల గుర్తులు పెట్టుకోవచ్చు. అది తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనూ పనిచేస్తుంది కాబట్టి ఈ అమరిక పని చూపు లేనివాళ్లు కూడా చేయగలరు. వినడానికి స్మార్ట్‌ఫోన్‌లో ‘ఈజీరీడర్’ వంటి ఉచిత యాప్‌లున్నాయి.

చేతిలో కీప్యాడ్ ఫోను మాత్రమే ఉన్న పిల్లవాడి కోసం రెండో ఏర్పాటు ఉండాలి. పాఠానికొక ఎంపీ3, దానికి 001, 002 అని మూడంకెల పేరు. పాఠం పెద్దదైతే ఐదు పేజీలకొకటిగా కోయాలి. ఫైలు మొదట్లోనే ‘మూడో పాఠం, 31 నుంచి 35 పేజీలు’ అని పలకాలి. నెట్ సరిగా అందని ఊళ్లలో స్ట్రీమింగ్ మీద ఆశ పెట్టుకోకూడదు. కార్డు శాఖా గ్రంథాలయానికి వెళ్లాలి, అక్కడి నుంచి హాస్టలుకో ఇంటికో వెళ్లాలి, పాతది వెనక్కి రావాలి. మామూలు పుస్తకం అరువిచ్చినట్టే. కార్డు ఇచ్చిన పదిహేను రోజులకు ఒకసారి ఫోను చేసి ‘ఎక్కడ అర్థం కాలేదు’ అని అడిగితే, తర్వాతి పుస్తకం ఎలా చదవాలో వాళ్లే చెబుతారు.

పూర్తయిన పుస్తకం జిల్లాలోనే ఉండిపోకూడదు. కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టు 24న ప్రారంభించిన ‘సుగమ్య పుస్తకాలయ’ దేశంలోని సంస్థలన్నీ తమ పుస్తకాలు చేర్చే ఆన్‌లైన్ గ్రంథాలయం. డైసీ ఫోరం ఆఫ్ ఇండియా సభ్య సంస్థల ద్వారా అందులో పుస్తకాలు చేర్చవచ్చు, విద్యార్థులను సభ్యులుగా నమోదు చేయవచ్చు. సరిహద్దుల అవతలికీ దారి ఉంది. 2013 జూన్‌లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం భారత్. 2016 సెప్టెంబరు 30న అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం గుర్తింపు పొందిన సంస్థలు ఒక దేశంలో తయారైన ప్రతిని మరో దేశంలోని పాఠకుడికి పంపుకోవచ్చు. అనంతపురంలో చదివిన పద్యభాగం హోసూరులోని తెలుగు విద్యార్థికైనా, న్యూజెర్సీలోని తెలుగు విద్యార్థికైనా అందుతుంది.

కాబట్టి జిల్లాలో ఎవరైనా మైకు కొనే ముందు చేయాల్సిన పనులు రెండు. దగ్గర్లోని అంధ విద్యార్థిని కలిసి, వచ్చే పరీక్షకు ఏ పుస్తకం కావాలో అడగడం. ఆ పుస్తకం సుగమ్య పుస్తకాలయలో ఇప్పటికే ఉందో లేదో వెతకడం. ఉంటే దించి కార్డులో వేసి ఆ సాయంత్రమే ఇవ్వవచ్చు. లేకపోతే మొదటి పేజీ తీసి చదవడం మొదలుపెట్టవచ్చు.